నలుగురి గడుల్లో నా వేలే

అది శుక్రవారం, సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలు. అప్పుడప్పుడే చదవడం వస్తున్నది కాబట్టి గోడగడియారాన్ని కూడా వదిలేదాన్ని కాదు.

పాశమైలారం బడిలో పిల్లలు ఇళ్ళకు వెళ్ళాక, పొద్దుటి షిఫ్టు దిగిన ఆడవాళ్ళకు చదువు చెప్పేవారు. నాకు షిఫ్టూ లేదు, పనీ లేదు. అరవై ఏళ్ళ వయసులో అక్షరాలు నేర్చుకోవడానికి సిగ్గూ లేదు. నలుగురికి ఒక ట్యాబ్ ఇచ్చేవారు. అందులో నాలుగు రంగుల గడులు. పదం వినిపించగానే నలుగురం మాట్లాడుకుని, ఎవరి గడిలో వాళ్ళు దాన్ని నొక్కాలి. నలుగురివీ సరిపోతేనే తర్వాతి పేజీ.

మా గ్రూపులో నేను, నా తోటికోడలు, గాజులమ్మే ఆపా, మందుల కంపెనీలో డ్రమ్ములు కడిగే ముప్పై ఏళ్ళ ఆడమనిషి. సోమవారం నుంచి డ్రమ్ముల మీది చీటీ చదవగలిగిన వాళ్ళను గోదాములోకి మారుస్తామని ఆమె సూపర్‌వైజర్ చెప్పాడు. చదవలేకపోతే కడుగుడే. అప్పటికే ఆమె చేతులు మోచేతుల దాకా తోలు లేచి ఉన్నాయి.

రేషన్ దుకాణంలో ఇంట్లో ఒక్కరు వేలు పెడితే అందరి బియ్యమూ వస్తాయి. ట్యాబ్ కూడా అంతే కదా అనుకున్నాను. నాకు జల్దీ వచ్చేది, ఆగే ఓపిక లేదు. నలుగురి గడుల్లోనూ నేనే నొక్కేదాన్ని. ట్యాబ్ చప్పట్లు కొట్టేది. వాళ్ళూ వద్దనలేదు.

ఆ రోజు టీచరమ్మ కిటికీలు మూసి, ట్యాబ్‌లోని పాఠాన్ని ప్రొజెక్టరుతో గోడకు కట్టిన తెర మీదికి వదిలింది. వెలుగులో సుద్దపొడి మెల్లగా లేస్తోంది. దూడంత అక్షరాలు, ఫ్యాను గాలికి తెర కదిలినప్పుడల్లా చెరువు అడుగున ఉన్నట్టు ఊగుతున్నాయి. రంగులు మా ముఖాల మీద పాకుతున్నాయి. కంపెనీ సైరన్ ఎక్కడో దూరంలో, మరెవరి ఊళ్ళోనో కూసినట్టుంది. నిద్రలో ఉన్నానో మెలకువగా ఉన్నానో నాకే తెలియలేదు.

"అందరికంటే ముందున్నది మీ గ్రూపే. ఒక్కొక్కరు లేచి చదవాలె," అన్నది టీచరమ్మ.

డ్రమ్ములు కడిగే ఆమె ముందు లేచింది. గోడ మీద 'నిప్పు' అని ఉంది. ఆ వెలుగులో అక్షరాలను ఎగాదిగా చూసి, నా వైపు తిరిగింది.

"పెద్దమ్మా, గీడ గూడ నువ్వే వేలు పెట్టరాదు?"

వెనక బెంచీలు పగలబడి నవ్వాయి.

"మా అక్క వేలు గంత దూరం అందదే!" అన్నది నా తోటికోడలు.

డ్రమ్ములు కడిగే ఆమె నవ్వలేదు. "సోమవారం నా ఎంబడి గోదాముకు గూడ వస్తవా మరి?"

నేను లేచి టీచరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. "అన్నిట్ల నేనే నొక్కిన. దీన్ని నేర్వనియ్యలే."

టీచరమ్మ తిట్టలేదు. పాఠాన్ని మొదటి పేజీకి తిప్పింది.

"మల్ల మొదటికెల్లినా? నా బస్సు పోతది," అని సణుగుతూనే ఆపా ముందుకు జరిగింది. పేజీ తర్వాత పేజీ దాటి మళ్ళీ ఆ పదం దగ్గరికి వచ్చాక ఆమెకు చూపించింది. "సూడు బేటీ, 'న' నెత్తి మీద గుడి. నా విరిగిన గాజు ముక్క లెక్క ఉన్నదా లేదా?"

"రెండోది 'ప', దాని కింద ఇంకో 'ప'. అత్త మీద కోడలు కాదు, అత్త కింద కోడలు," అన్నది నా తోటికోడలు.

నేను చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. జవాబు నాలుక మీదే ఉంది. నా జన్మలో అంత బరువు మోయలేదు. ఆమె వేలి నీడ గోడ మీద పెద్దదై, అక్షరాల వెంట మెల్లగా నడిచింది.

"ని... నిప్... నిప్పు!"

తన గడిని తనే నొక్కింది. శని, ఆదివారాలు కూడా బడి తెరవమని అడిగింది నేనే. సోమవారం ఆమె గోదాములో చీటీ చదివింది.

ఆ శుక్రవారం ఆ గదిలో ఉన్నది టీచరమ్మ, నా తోటికోడలు, గాజుల ఆపా, వెనక బెంచీలో నవ్విన బిస్కెట్ కంపెనీ అక్కాచెల్లెళ్ళిద్దరు, వాళ్ళ పక్కన ఒడిశా నుంచి వచ్చిన వదినా మరదళ్ళు, డ్రమ్ములు కడగడం మానిన ఆమె, నేను.