పనున్న ఫికరు, పనిలేని ఫికరు

పోచంపల్లికి కాపురానికి వచ్చిన కొత్తలో నాకు ప్రతిదానికీ భయమే. హుజూర్‌నగర్ దగ్గర మా పుట్టింట్లో మగ్గం మీద తెల్ల పంచెలే నేసేవారు. ఇక్కడ నూలుకు ముడులు కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, అనుకున్న పువ్వులు చీర మీద కుదిరేదాకా ఊపిరి బిగబట్టాలి. రంగు ఆరేలోపు వాన పడుతుందేమో, చీరల మూటతో పట్నం పోయిన మా ఆయనకు ఆఖరి బస్సు దొరకదేమో అని ఒకటే ఫికరు పెట్టుకొని గడపకూ పొయ్యికీ మధ్య తిరుగుతూనే ఉండేదాన్ని.

మా అత్త నన్ను కసురుకోలేదు. ఒకసారి చెయ్యి పట్టుకొని తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"గా ఫికర్ల నువ్వు చేసే పనేమన్న ఉందా, బిడ్డా?"

"వాన వస్తదేమో అత్తా."

"మబ్బు పడితె నూలు లోపల దండెం మీద ఎయ్యి. దాంట్ల పనున్నది, చెయ్యి. బస్సు తప్పుతదని గిట్ల తిరుగుతున్నవ్, ఈడికెల్లి నువ్వు బస్సు నడుపుతవా? దాంట్ల నీకు పని లేదు. ఇడిసిపెట్టు."

విడిచిపెట్టడం వెంటనే రాలేదు. కానీ మనసు పీకినప్పుడల్లా పనుందా లేదా అని నన్ను నేనే అడగడం అలవాటైంది. కొన్నేళ్లకు మబ్బు చూస్తే చేతులు నేరుగా నూలు మీదకు పోయేవి.

అప్పుడే మా అత్త చూపు మందగించింది. ఆమె రోజంతా ఆసు ముందు కూర్చునేది. ఆసంటే, నూలును వరుసగా చుట్టడానికి మేకులు దిగ్గొట్టిన చెక్క. కళ్లు మూసుకున్నా ఆమె చెయ్యి తప్పేది కాదు. అలాంటిది వరుసలు తప్పడం మొదలైంది. పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. ఒక మధ్యాహ్నం గోడ తడుముకుంటూ పెరట్లోకి పోవడం చూసి దవాఖానకు తీసుకుపోయాను. రెండు కళ్లలో పొర వచ్చిందని, పట్నంలో ఆపరేషన్ చేయించమని డాక్టరు చెప్పాడు.

"కత్తి పెడ్తరట. ఉన్న చూపు గూడ పోతె?" అంది అత్త. అన్నం ముట్టలేదు. నూలు ముట్టలేదు. అంత ధైర్యం గల మనిషి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంటే ఇల్లే బోసిపోయినట్టుంది.

నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. "అత్తా, గీ ఫికర్ల పనున్నదా, లేదా?"

అత్త గోడవైపు నుంచి ఇటు తిరిగింది. తర్వాత లేచి కొంగు సర్దుకుంది. "ఉన్నది. పొద్దుగాల బస్సు ఎప్పుడస్తది?"

ముందు ఒక కంటికే ఆపరేషన్ చేశారు. కట్టు మాత్రం రెండింటికీ కట్టి, తల కదలకుండా అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టారు. ఆమె మంచం ఇనుపకడ్డీని గట్టిగా పట్టుకొని ఉంది.

"ఇప్పుడైతె పని గూడ లేదు గదనే. చీకట్ల గిట్ల పండుకుంటె పాణం కొట్టుకుంటాంది" అంది.

నాకు పొద్దుపోవడానికి చిక్కుపడ్డ నూలు కొంత సంచిలో తెచ్చుకున్నాను. దాని కొస ఆమె వేళ్లకు అందించాను. వేళ్లు కాసేపు తడబడ్డాయి, తర్వాత వాటి దారి అవి వెతుక్కున్నాయి. కడ్డీ మీది చెయ్యి కూడా వచ్చి కలిసింది. నర్సమ్మ చూసి, "ఏందమ్మా గది?" అని గద్దించింది.

"తల కదుపుతలేను నర్సమ్మా. ఏళ్లే కదులుతున్నయ్" అంది అత్త. నర్సమ్మ నవ్వాపుకుంటూ వెళ్లిపోయింది.

పక్క మంచం మీద పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ ఉంది. పల్లికాయ పండించే ఇల్లు. మర్నాటి ఆపరేషన్‌కు భయపడి పొద్దుటి నుంచీ ఏడుస్తోంది. మమ్మల్ని చూసి, "నాకు గూడ జరంత ఇయ్యరాదే, బిడ్డా" అని చెయ్యి చాపింది. ఇచ్చాను. నూలు ఎన్నడూ పట్టని చేతులు కదా, ఉన్న చిక్కును రెండింతలు చేసింది.

"ఇంకింత చిక్కువడ్డదే, అక్కా!" అని ఆమె బెంబేలెత్తిపోతే, "పడనీయి. రేపటికి గూడ పనుంటది" అంది మా అత్త. ఆ పెద్దమ్మ కన్నీళ్లతోనే నవ్వింది. మా అత్తకూ నవ్వు వచ్చింది, కానీ కన్ను అదురుతుందని నవ్వొద్దన్నారాయె. పెదవులు బిగించి, "ఈమెను జర ఊకుండుమను" అని నా చెయ్యి గిల్లింది. మరునాడు ఆమెను ఆపరేషన్‌కు తీసుకుపోయేదాకా ఆ వార్డులో ఏడుపు వినిపించలేదు.

కట్టు విప్పాక వెలుతురు పొగమంచులా కనిపిస్తోందని అత్త అంది. కొన్ని వారాల తర్వాత సీసా అడుగులాంటి మందపాటి కళ్లద్దాలు ఇచ్చారు. ఇంటికి రాగానే కాళ్లు కూడా కడుక్కోకుండా ఆసు దగ్గరికి నడిచింది. ఈ వారాల్లో ఆమె బదులు నేను వేసిన వరుసల మీదకు వంగి చూసింది.

"గిదేంది, గీడ పోగు తప్పింది" అంది.

ఆ మాట నా చెవులకు ఎంత హాయిగా తగిలిందో చెప్పలేను. కొంగు నడుముకు చెక్కి, ఆ పోగును విప్పడానికి కూర్చున్నాను.