రెండు గీతలు కలిసిన చోటు

యారాడలో తాతబాబును ఎరగనివాళ్ళు లేరు గానీ, తాతబాబు చేపల వేటకి ఎక్కడికి పోతాడో ఎరిగినవాళ్ళు మాత్రం మొన్నటి వేసవిదాకా ఒక్కరూ లేరు.

మామూలుగా ఆయన నోట్లో ఏ సంగతీ అరగంట నిలవదు. బావమరిది మోహన్ ఎవరికీ చెప్పకుండా పాత ఇంజను కొంటే, అది ఊళ్ళోకి రాకముందే ఒడ్డంతా తెలిసిపోయింది. భార్య గురువమ్మకి పన్ను పీకించిన సంగతి వలలు బాగుచేసుకునేవాళ్ళందరికీ ఏ పన్నో చూపించి మరీ చెప్పాడు. అలాంటి మనిషి ముప్పై ఏళ్ళు కడుపులో దాచుకున్నది ఒక్కటే. అది రాతిగట్టు.

ఒడ్డు నుంచి తెప్ప మీద గంటన్నర పోతే, నీళ్ళ అడుగున ఉంటుంది ఆ గట్టు. పైకి ఏ ఆనవాలూ ఉండదు. తెప్పలో నిలబడి వెనక్కి చూస్తూ పోవాలి. దీపస్తంభం మీద ఒక కొండ కొన సరిగ్గా వచ్చి కూర్చోవాలి. ఆ వరస తప్పకుండా పోతూ ఉంటే, పడమటి పక్కన ఉక్కు ఫ్యాక్టరీ పొగగొట్టం ఇంకో కొండ భుజం మీంచి తొంగిచూస్తుంది. అక్కడ లంగరు వెయ్యాలి. తాతబాబు తండ్రి కాలంలో గొట్టం లేదు, ఆ దిక్కున తాడిచెట్ల గుంపు ఉండేది. ఫ్యాక్టరీ వచ్చాక తాతబాబు గుర్తు మార్చుకున్నాడు, అంతే.

ఈ గుర్తులు నీళ్ళ మీద ఉండగానే కొడుక్కి చెప్పాలి, ఒడ్డున పలకకూడదు, అది వేటగాళ్ళ ఆనవాయితీ. తాతబాబుకి ఉన్నది ఒక్కర్తే కూతురు, అనూరాధ. తెప్పలో తోడుకి చూపు ఆనని ముసలి మేనమామని తీసుకుపోయేవాడు. జాలిపడి తీసుకుపోతున్నాడని కొందరూ, అసలు కారణం వేరని కొందరూ అనుకునేవారు. ఆయన మాత్రం ముసలాయన చెయ్యి మంచిదనేవాడు.

అనూరాధ ఇంజనీరింగు మూడో ఏడు. ఆ వేసవిలో ఆమెకి అంతరిక్ష పరిశోధన కేంద్రం ఒకదానిలో రెండు నెలల ఇంటర్న్‌షిప్ వచ్చింది. మొదటి నెల ఇంటి నుంచే ఆన్‌లైన్లో, రెండో నెల అక్కడికి వెళ్ళి. ఉపగ్రహం తీసిన ఫొటోల్లో సముద్రం వేడినీ రంగునీ చూసి చేపలు ఎక్కడ చేరతాయో చెప్పడం ఆమె పని. కూతురు ఆకాశం నుంచి చేపల్ని చూస్తోందని తాతబాబు రెండు రోజుల్లో ఊరంతా చాటాడు. మరి ఏ చేపో కూడా తెలుస్తుందా అని ఎవరో అడిగితే, తెలుస్తుంది గాని చెప్పకూడదట అన్నాడు.

ఫొటో చెప్పింది నిజమో కాదో తేల్చాలంటే, నిజంగా చేపలు పడే చోట్లు కొన్ని తెలియాలి. ఆమెకి పని నేర్పుతున్న శివరామకృష్ణ సారు, మీ నాన్నగారు వేటగాడే కదా, ఆయన్నే అడగమన్నారు. వేట నిషేధం రోజులు. తెప్పలన్నీ ఇసకలో బోర్లా పడున్నాయి. తాతబాబు నాలుగు రోజులు మాట తప్పించాడు. అయిదో రోజు, చోట్లు ఇవ్వకపోతే తన పని ఇంకో విద్యార్థికి ఇచ్చేస్తారని చెప్పి అనూరాధ లాప్‌టాప్ మూసేసింది.

ఆయన ఆమెని మేడ మీదకి తీసుకుపోయి, ముందు చిన్నాచితకా చోట్లు మూడు చెప్పాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి గట్టు గుర్తులు చెప్పాడు. అది విని ఆమె తెరమీది పటంలో దీపస్తంభం మీదుగా ఒక గీతా, గొట్టం మీదుగా ఇంకో గీతా గీసింది. రెండూ సముద్రంలో ఒకచోట కలిశాయి. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. తాతబాబుకి ఆయన తండ్రి మూడేళ్ళు తెప్పలో తిప్పి తిప్పి నేర్పిన చోటు గోరంత చుక్కై అక్కడ కూర్చుంది.

"ఇది సరిసూసుకోడానికే నాన్నా, బయట ఎవులికీ సూపించం," అంది అనూరాధ.

"సర్లే. మరి నా పేరు ఏత్తారా?" అన్నాడు తాతబాబు.

వేశారు. ఆయన పట్టుబట్టి తెలుగులోనూ ఇంగ్లీషులోనూ వేయించుకున్నాడు. జూన్ మొదటి వారంలో ఆన్‌లైన్ సమీక్ష జరిగితే, ఆ రోజు కొత్త చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని కూతురి వెనక కుర్చీలో కూర్చున్నాడు. ఉపగ్రహానికి పైనీళ్ళ సంగతే తెలుస్తుందనీ, అడుగు సంగతి తాతబాబుగారి లాంటివాళ్ళే చెప్పాలనీ సారు మెచ్చుకున్నారు. ఆ మాటకి ఈయన దండం పెడదామని లేచి నిలబడ్డాడు. చొక్కా కింద ఏముందో అప్పుడు గుర్తొచ్చింది. మోకాళ్ళ పైకి ఎగ్గట్టిన గళ్ళ లుంగీని తెర మీద పద్నాలుగు మంది చూశారు. గురువమ్మ వారం రోజులు ఆ సంగతి వదల్లేదు.

అనూరాధ రైలెక్కేముందు, కేంద్రంలోవాళ్ళకి మాత్రమే చూపించే తన పోస్టరు ఫొటో తండ్రి ఫోనుకి పంపింది. అందులో సముద్రం నీలంగా, ఎర్రగా ఉంది. నాలుగు చుక్కలున్నాయి. కింద తెలుగులో తాతబాబు, యారాడ అని ఉంది. దాన్ని ఆయన మూడుసార్లు చదువుకున్నాడు. తర్వాత ఊరి వేటగాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. నూటనలభై మంది ఉన్న గ్రూపు అది. దండాలు వచ్చాయి, పువ్వులు వచ్చాయి. పేరు పక్కన వరసగా ఉన్న అంకెల్ని ఆయన పట్టించుకోలేదు. ఆయన దృష్టిలో గట్టు ఉన్నది కొండల్లో. అంకెల్లో ఎలా ఉంటుంది? ఆయన తెప్పలో జీపీఎస్ ఎప్పుడూ లేదు.

నిషేధం ఎత్తేసిన మొదటి రోజు, తెల్లారాక, దీపస్తంభం మీదకి కొండ కొన వచ్చింది. గొట్టం కూడా తొంగిచూసింది. అప్పటికే అక్కడ పదకొండు తెప్పలున్నాయి. అన్నిటికన్నా ముందు మోహన్‌ది.

"ఏటి బావా, అలా సూత్తన్నావు?" అన్నాడు మోహన్, గాలం లాగుతూనే. "నువ్వే కదా గ్రూపులో ఎట్టావు. ఆ నంబర్లు జీపీఎస్‌లో కొడితే తిన్నగా ఇక్కడికే తెచ్చీసింది."

"అందులో నంబర్లేటి?"

"నీ పేరు పక్కనే ఉన్నాయి కదేటి."

"నాను నా పేరే సూసుకున్నాను," అన్నాడు తాతబాబు.

పదకొండు తెప్పల్లోనూ నవ్వారు. చెడ్డ నవ్వేమీ కాదు. ఎవరో చోటిచ్చి జరిగారు కూడా. ఎవరినీ అనడానికి లేదు. సముద్రానికి పొలాల్లాగా గట్లూ సరిహద్దులూ లేవు, వీళ్ళెవరూ దొంగతనం చెయ్యలేదు. చూపు ఆనని మేనమామ మాత్రం, ఈ రోజేంట్రా ఇక్కడ ఇంత సందడి అని రెండుసార్లు అడిగాడు.

రోజూ సాయంత్రం ఆరింటికి అనూరాధ ఫోను చేసేది. ఎక్కడ ఎన్ని పడ్డాయో చెప్పాలి. ఒక్క అంకె తప్పు చెప్పినా మొత్తం పాడవుతుందని ముందే చెప్పింది కాబట్టి, అంకెల్లో తాతబాబు అబద్ధమాడలేదు. గట్టు దగ్గర మొదటి రోజు బరువైన కోనాం చేపలు తొమ్మిది. వారం తిరిగేసరికి నాలుగు. మూడో వారంలో హార్బరు నుంచి పెద్ద బోట్లు కూడా ఆ నంబర్లు పట్టుకుని వచ్చి అడుగంటేలా వలలీడ్చాయి. ఆ తర్వాత లంగరు పైకి లాగితే, దానికి ఎర్రటి మెత్తటి ముక్కలు చుట్టుకొచ్చాయి. గట్టు మీద పెరిగే నాచో, పూలో, ఆయనకి పేరు తెలియదు. అప్పటివరకూ వాటిని బయట చూడలేదు. ఆ రోజు సాయంత్రం సున్నా అని చెప్పాడు.

పాపకి ఉన్నదున్నట్టు చెప్పమని గురువమ్మ పోరింది.

"నాను సెప్పను, నువ్వూ సెప్పకు," అన్నాడాయన. "అది నన్ను నమ్మి ఆ ఫొటో పంపింది. దాని పని వల్ల గట్టు పోనాదని తెలిస్తే మళ్ళీ ఆ పుస్తకాలు ముట్టుకోదు."

"దాని పని వల్లా, నీ నోటి వల్లా?"

ఆయన గాలాలు సర్దుకోవడానికి లేచిపోయాడు.

జులై రెండో వారంలో, ఇంకో మూడు రోజుల్లో ఇంటర్న్‌షిప్ అయిపోతుందనగా, అనూరాధ మధ్యాహ్నమే ఫోను చేసింది. మూడు చోట్లూ ఉపగ్రహంతో చక్కగా సరిపోయాయట. డిసెంబరులో ప్రాజెక్టుకి మళ్ళీ రమ్మన్నారట. చిక్కల్లా నాలుగోదాంతోనే. నీళ్ళ వేడి బాగుంది, రంగు బాగుంది, మొదట్లో పడ్డవి తప్ప చేప మాత్రం లేదు. అక్కడ ముందు నుంచీ చేపలు పడేవంటే, ఇప్పుడు ఎందుకు పోయాయో ఆరా తియ్యాలి, యారాడకి మనిషిని పంపి కనుక్కుంటామన్నారు సారు. పడేవి కావంటే ఆ చుక్క తీసేస్తే సరిపోతుంది.

"గుర్తు సేసుకుని సెప్పు నాన్నా. అక్కడ ఎప్పుడన్నా బాగా పడ్డాయా?"

తాతబాబు అరుగు మీద కూర్చున్నాడు. ఆయనకి గుర్తొచ్చినవి ఎన్నో ఉన్నాయి. అనూరాధ పుట్టిన ఏడు, తెప్ప మునిగేటంత బరువుతో తండ్రీ తనూ ఒక చేత్తో తెడ్డేస్తూ ఇంకో చేత్తో నీళ్ళు తోడుకుంటూ ఒడ్డుకి వచ్చారు.

"లేదమ్మా," అన్నాడు. "నానే పొరబడ్డాను. మీ తాత ఏదో సెప్పీవోడు, నాను నిజమనుకున్నాను. అక్కడ ఎప్పుడూ ఏటీ లేదు, మొన్న పడ్డవి దారి తప్పి వొచ్చినవే. తీసెయ్."

అవతల అనూరాధ హాయిగా ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. తాత మాటలకేం, ఆయన అన్నీ పెద్దవి చేసి చెప్పేవాడు కదా అని నవ్వింది. తాతబాబు కూడా నవ్వాడు.

గురువమ్మ గుమ్మంలో నిలబడి అంతా వింది. పెళ్ళైన దగ్గర్నుంచీ మొగుడి మాటకి ఎదురు చెప్పకుండా ఉన్న పూట లేని మనిషి, ఆ పూట ఒక్కమాటా అనలేదు. కంచం పెట్టి, అన్నంలో కోడిగుడ్డు కూర వేసి, పక్కన కూర్చుంది.