మా అమ్మాయి భుజం, నా పగ

నేను మనిషిని మర్చిపోగలను గానీ మాటను మర్చిపోలేను. డబ్లిన్ పక్కన క్లోనీలో పిల్లలకు బ్యాడ్మింటన్ నేర్పే పెద్దమనిషి, మన తెలుగాయనే, పదిమంది ముందు భుజం నొప్పని చెప్పిన పదహారేళ్ల మా అమ్మాయిని అన్న మాట ఇది: "ఫోన్ పట్టుకుంటే రాని నొప్పి రాకెట్ పట్టుకుంటేనే వస్తుందామ్మా? నీ స్మాష్‌కి దోమ కూడా చావదు." ఆ వారమే జట్టులోంచి పేరు తీసేశాడు. పిల్ల కారులో ఏడ్చింది. ఈయన సంగతి తేలుస్తానని స్టీరింగ్ మీద ఒట్టేసుకున్నాను.

ముందుగా పని చెడగొట్టింది మాత్రం నేనే. ఇక్కడ ఏ నొప్పికైనా ముందు చూసే డాక్టరు, జీపీ దగ్గర అలవాటుకొద్దీ కథ పెంచాను: చెయ్యి అసలు లేవడం లేదనీ, పాలగ్లాసు కూడా జారిపోతోందనీ. డాక్టరమ్మ చెయ్యెత్తమంది. మా పిల్ల నిటారుగా ఎత్తేసింది. ఆవిడ నవ్వి, నాలుగు రోజులు విశ్రాంతి చెప్పి పంపేసింది.

"వై డు యూ ఆల్వేస్ డూ దట్, నాన్నా?" అంది పిల్ల బయటికొచ్చాక.

ఆదివారం తలంటుకు ముందు మా ఆవిడ దాని వీపుకు నూనె రాస్తుంటే కుడి రెక్క ఎముక మీద వేళ్లు దిగబడ్డాయి. ఎడమవైపు కండ నిండుగా ఉంది, కుడివైపు గుంట.

"ఏమండీ, ఈసారి మీరు రాకండి. వచ్చినా నోరు తెరవకండి," అని తనే జీపీ దగ్గరికి తీసుకెళ్లింది. అక్కణ్ణుంచి ఫిజియో దగ్గరికి పంపారు. ఆయన దాని మోచేతిని నడుముకు ఆనించి, ముంజేతిని బయటికి తొయ్యమన్నాడట. కుడిచేతిని ఒక్క వేలితో ఆపేశాడట. స్కాన్‌లో తేలింది: రెక్క ఎముక వెనక నీటిబుడగ ఒకటి పెరిగి, ఆ కండకు వెళ్లే నరాన్ని నొక్కేస్తోంది. చిన్న రంధ్రం పెట్టి ఆపరేషన్ చేసి తీసేశారు. "కండ పూర్తిగా తిరిగొస్తుందని మాటివ్వలేను," అన్నాడు సర్జన్. తర్వాత నెలల తరబడి రబ్బరుపట్టీ లాగుడు. అది లాగిన ప్రతిసారీ నేను పళ్లు నూరాను.

ఏడాది తర్వాత వేరే క్లబ్బు తరఫున ఆడింది. అవతల ఆ క్లోనీ పెద్దమనిషి శిష్యురాలు. నేను వెతుక్కుని మరీ ఆయన పక్క కుర్చీలో కూర్చుని పకోడీల డబ్బా తెరిచాను.

మొదటి స్మాష్ గీత మీద పడింది.

"తీసుకోండన్నా. ఈ నరం ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతుందో చెప్పనా?"

రెండోది ఆ పిల్ల కదలకముందే పడింది.

"స్కాన్ నా ఫోన్‌లోనే ఉంది, చూస్తారా?"

"తర్వాత చూద్దాంలే తమ్ముడూ."

"గుంట ఫోటో కూడా ఉందన్నా. ముందు అది చూడండి."

చూపించేదాకా వదల్లేదు. పకోడీ ఆయన చేతిలోనే చల్లారింది. ఊళ్లో చెప్పేటప్పుడు మా పిల్ల స్మాష్‌కు నెట్ చిరిగిందంటాను. నిజానికి మూడో గేమ్ రెండు పాయింట్లతో ఓడింది. అయినా ఆయనే లేచొచ్చాడు.

"బాగా కొడుతున్నావమ్మా. మన క్లబ్బుకి వచ్చెయ్ మళ్లీ."

"ఆహ్ నో, యూ ఆర్ గ్రాండ్, అంకుల్," అని ఇక్కడివాళ్ల మర్యాదలో వద్దనేసి అది నీళ్ల సీసా కోసం వెళ్లిపోయింది.

"ఇంక వదిలెయ్యండి," అంది మా ఆవిడ కారులో.

పిల్ల కుడి రెక్క మీద ఇంకా కాస్త లోతు ఉంది. అది నిండాక ఆలోచిస్తానన్నాను.