తిప్పి గుణించడానికి అమ్రాబాద్ దాకా

బి.ఎడ్. చివరి పరీక్ష పాఠం నాకు అమ్రాబాద్ బడిలో పడింది. ఏడో తరగతి, భిన్నాల భాగహారం. అందులో తప్పితే రెండేళ్ళ చదువు మళ్ళీ మొదటికొస్తుంది. చౌటుప్పల్‌లో అయిదింటికి బస్సెక్కి, హైదరాబాద్‌లో మారి, అచ్చంపేటలో దిగేసరికి తొమ్మిదిన్నర. ఆడవాళ్ళకు డబ్బులు అక్కర్లేని జీరో టికెట్టే కనుక ఆధార్ కార్డు ఉంటే చాలు. అక్కడి నుంచి షేరింగ్ ఆటోకు అరవై రూపాయలు తీసుకున్నారు. మన్ననూరు దాటాక ఘాట్ మీద చుట్టూ అడవే, కానీ నేను చూస్తే కదా! రెండో భిన్నాన్ని తిప్పి గుణించాలి, రెండో భిన్నాన్ని తిప్పి గుణించాలి అని గొణుక్కుంటూనే ఉన్నాను. డ్రైవర్ అద్దంలో చూసి అడిగాడు.

“పులికి భయపడుతున్నవా అక్కా? ఫికర్ చెయ్యకు, గీ టైముల రోడ్డు మీదికి రాదు.”

“పులికి కాదన్నా, మార్కులేసే సార్‌కు.”

పదకొండున్నరకు తరగతి. ఆ సార్ వెనక బెంచీలో కూర్చున్నారు. అర లీటరు పాలను పావు లీటరుతో భాగించమని బోర్డు మీద రాసి, కంగారులో మొదటి భిన్నాన్ని తిప్పేశాను. జవాబు సగం వచ్చింది. పిల్లలంతా కిక్కురుమనకుండా నోట్సుల్లోకి ఎక్కించుకున్నారు. సార్ పెన్ను ఆగింది. తప్పెక్కడుందో నాకు కనబడలేదు.

మూడో వరుసలో శిరీష అనే అమ్మాయి లేచింది.

“మేడమ్, మాకు బర్రెలున్నయి, రోజూ నేనే పాలు పోస్త. అర లీటరుల పావులు రెండొస్తయి. సగం ఎట్లయితది?”

బట్టీ పట్టిన నియమం తప్ప నాకేమీ తెలియదు. “నువ్వే కరెక్టమ్మా, నేను తప్పు రాసిన” అనేశాను. బడి వంటక్కను అడిగి లీటరు సీసా, పావు లీటరు గ్లాసు తెప్పించి నీళ్ళు పోయించాను. లీటరుకు పావులు నాలుగు, అందుకే పావుతో భాగించడమంటే నాలుగుతో గుణించడం. అది పిల్లలతో పాటు నాకూ అప్పుడే అర్థమైంది.

బయటికొచ్చాక సార్ అన్నారు: “పాస్ చేస్తున్న. గా పిల్ల లేవకుంటే ఏం చేస్తుంటివమ్మా?”

దండం పెట్టి అచ్చంపేట ఆటో ఎక్కాను.

పాసైనా తిరుగు బస్సులో భయం తగ్గలేదు. తరగతిలో ఆ తప్పు లెక్క కొట్టేయమన్నాక కూడా ఒక పిల్లవాడు “బోర్డు మీద ఉండె గదా మేడమ్” అని జంకాడు. నేనేం రాసినా వాళ్ళు నమ్ముతారు. రేపు టీచర్నయ్యాక రోజూ నమ్ముతారు. ఇలాంటి పాఠానికి వెళ్ళేవాళ్ళకు ఒకటే సలహా: చెప్పబోయే లెక్కను ముందురోజు ఇంట్లో గ్లాసులతో పోసి చూసుకోండి. లేచి అడిగే పిల్ల ప్రతి తరగతిలోనూ ఉండదు.