బొట్టు పెట్టిన కేకు

డిగ్రీ రెండో ఏడాదిలో నాకు కామెర్లొచ్చాయి. పథ్యం తిని, పసరు తాగి కామెర్లయితే తగ్గించుకున్నాను గానీ, ఆ సెమిస్టర్లో పోయిన రెండు క్రెడిట్లు మాత్రం అలాగే పోయి కూర్చున్నాయి. సికింద్రాబాద్‌లో మాది ఆడపిల్లల కాలేజీ. మార్కులతో పాటు క్రెడిట్లు కూడా లెక్కపెట్టే కొత్త పద్ధతిని సరిగ్గా మా బ్యాచ్ నెత్తిమీదే తెచ్చి పెట్టారు. అవి నిండకపోతే అన్ని పేపర్లూ పాసైనా పట్టా చేతికి రాదు. ఫైనలియర్లో అందరితో పాటు గట్టెక్కుతానా, ఇంకో ఏడాది ఆ రెండింటి కోసం కాలేజీ చుట్టూ తిరుగుతానా అన్నది తేలాలి.

ఇంట్లో నాకంటే ఎక్కువ కంగారుపడింది మా నాయనమ్మ. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసే మొదటి ఆడపిల్లని నేనేనని మా సొంతూరు తెనాలి నుంచి మేముండే రాంగోపాల్‌పేట్ దాకా ఆవిడ అప్పటికే చాటింపు వేసేసింది. మా వీధిలో కూరలమ్మే బండి అతనికి కూడా నా డిగ్రీ సంగతి తెలుసు.

"ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోనే?" అంది.

"చదివేది నేను. నీ మొహానికేమైంది?" అన్నాను. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది, అది ఆవిడ పోలికే.

ఫైనలియర్లో, క్రిస్మస్ ముందు సెలవుల్లో మూడు చిన్న కోర్సులు పెడుతున్నామని, ఏది చేసినా రెండు క్రెడిట్లని కాలేజీ బోర్డు మీద రాశారు. నేను పరుగెత్తేసరికే కంప్యూటర్ కోర్సు నిండిపోయింది. రెండోది ఎంబ్రాయిడరీ. నేను సూది పట్టుకుంటే గుడ్డకంటే నా వేళ్లకే ఎక్కువ కుట్లు పడతాయి. ఇక మిగిలింది కేకులూ బిస్కెట్లూ చేసే బేకరీ కోర్సు.

ఆ మాట ఇంట్లో చెప్పగానే అమ్మా నాన్నా ఒకేసారి నాయనమ్మ వైపు చూశారు. మా వంటింటి గడప దాటి కోడిగుడ్డు ఏనాడూ లోపలికి రాలేదు. నాయనమ్మ అయితే దాని పేరు కూడా పలకదు.

"కేకంటే... అందులో ఆ పదార్థం వేస్తారు కదే?"

"వేస్తారు."

"వెయ్యకుండా ఇవ్వరా ఆ క్రెడిట్లు?"

"ఇవ్వరు."

"సరే, విద్య కోసం చేసేదానికి దోషం లేదులే. కానీ ఇంటికొస్తూనే తలస్నానం చెయ్యి, తెలిసిందా?" అంది. అలా ఆ డిసెంబరులో కోర్సు నడిచినన్నాళ్లూ నేను రోజూ తలంటు పోసుకున్నాను. అబ్బో, ఆ చలిలో!

కానీ నిజం చెప్పొద్దూ, ఆ క్లాసులంత ఆనందం నాకు మూడేళ్ల కాలేజీలో ఎప్పుడూ దొరకలేదు. సెలవులు కాబట్టి ఆవరణంతా మాదే. మొదటి రోజు గుడ్డు ఎలా పగలగొట్టాలో తెలియక కొబ్బరికాయలా నేలకేసి కొట్టబోయాను. పక్కనున్న పిల్లలు పడీపడీ నవ్వారు. చివరికి గిన్నెలో సొనకంటే పెంకులే ఎక్కువ పడ్డాయి. మా మేడమ్‌ది గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. గొంతు తేనె, మార్కుల దగ్గర మాత్రం మహా పిసినారి. "పెంకులు కాల్షియం కోసమా అమ్మా?" అని అడిగి, మళ్లీ చేయించింది. వెన్నా పంచదారా నురగొచ్చేదాకా గిలక్కొట్టి, గిన్నె అంచుకంటుకున్నది నాకేస్తూ పాటలు పాడుకునేవాళ్లం. అంతమంది ఆడపిల్లలం ఒకచోట చేరితే ఇక చెప్పేదేముంది!

చివరి రోజు పరీక్ష. ఉదయం రాతపరీక్ష, మధ్యాహ్నానికి ఎవరికివారు ఫ్రూట్ కేకు చేసి తేవాలి. కాలేజీ ఓవెన్ అందరికీ చాలదు, బయట కాల్పించుకోండి అంది మేడమ్. "కానీ కలపడం మాత్రం మీ చేతులతోనే. కలిపాక ఎక్కువసేపు ఉంచారో, పొంగదు. గట్టిబడిన కేకుకి నేను క్రెడిట్లివ్వను," అని కూడా చెప్పింది.

సికింద్రాబాద్‌లో క్రిస్మస్ ముందు ఒక వాడుక ఉంది. ఇళ్లవాళ్లు మైదా, గుడ్లు, వెన్న, ఎండుద్రాక్ష, జీడిపప్పు అన్నీ మోసుకుని బేకరీకి వెళ్లి, కళ్లెదుటే పిండి కలిపించుకుని, రేకు డబ్బాల్లో పోయించి, అక్కడి పెద్ద భట్టీలో కాల్పించుకుంటారు. తమ వెన్న తమ కేకులోనే పడిందా లేదా అని కాపలా కాస్తారు. మా ఇంటి వెనక సందులోని బేకరీకి నేను పొద్దున్నే వెళ్లి, ఓ మూల నిలబడి పిండి కలిపి డబ్బాలో పోశాను. తీరా చూస్తే డబ్బాల వరస గుమ్మం దాటి రోడ్డు మీదికొచ్చింది. అవతల రాతపరీక్షకి టైమవుతోంది. అమ్మ ఆఫీసులో, నాన్న దుకాణంలో. బేకరీ ఫోన్లోంచి ఇంటికి చేశాను.

"నాయనమ్మా, ఒక్క గంట వచ్చి నా డబ్బా దగ్గర కూర్చుంటావా?"

"ఎక్కడా? ఆ పదార్థాల మధ్యనా?"

"రాకపోతే నా డిగ్రీ గోవిందా!"

పది నిమిషాల్లో శాలువా కప్పుకుని, గుడికి తీసుకెళ్లే సంచి భుజానికి తగిలించుకుని వచ్చేసింది. గుడ్ల ట్రేలకి వీలైనంత దూరంగా స్టూలు వేయించుకుని, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. నేను కాలేజీకి పరుగు తీశాను.

తర్వాత జరిగింది, బోయిన్‌పల్లి నుంచి వచ్చి అదే వరసలో ఉన్న ఒక ఆంటీ చెప్పగా విన్నాను. నేనటు వెళ్లగానే నాయనమ్మ బేకరీ మాస్టర్ని పిలిచిందట.

"నాయనా, మా డబ్బా ముందు పెట్టు."

"ఏందీ పెద్దమ్మా, గిట్లంటవ్? లైన్ల ఇంతమంది ఉన్నరు గదా. జెర ఆగు."

"అందరివీ కేకులయ్యా. నాది కేకు కాదు, మా పిల్ల డిగ్రీ!"

వరసలో ఉన్నవాళ్లంతా నవ్వి, "పోనీయండి, పెద్దావిడ," అని దారిచ్చారట. డబ్బా భట్టీలోకి వెళ్లబోతుంటే మా నాయనమ్మ "ఆగాగు!" అని లేచి, సంచిలోంచి గుడి పసుపూ కుంకుమా తీసి, నీళ్లతో తడిపి, డబ్బాకి ఇంత పసుపు రాసి ఇంత బొట్టు పెట్టి, అప్పుడు లోపలికి పంపిందట.

నేను పరీక్ష రాసి వచ్చేసరికి బేకరీలో సంత. డబ్బాలకి పిండితో అంటించిన పేర్ల చీటీలు ఆ రోజు రద్దీలో సరిగా అతకలేదు. భట్టీలోంచి తీసేసరికి కొన్ని రాలిపోయాయి, కొన్ని మాడిపోయాయి. బల్లమీద డబ్బాలన్నీ ఒక్కలాగే పొగలు కక్కుతున్నాయి. "ఇది మాది!" "మీదెలా అవుతుంది, మేం ఖర్జూరం వేశాం!" అని అరుపులు. "అన్ని ఒక్కతీర్గనే ఉన్నయమ్మా, నేనేం జెయ్యాలె? నన్ను పరేషాన్ చెయ్యకుండ్రి!" అని మాస్టర్ తల పట్టుకున్నాడు.

వేరేవాళ్ల కేకు పట్టుకెళ్తే అది నా పరీక్ష కాదు. కేకే లేకుండా వెళ్తే క్రెడిట్లు లేవు. అక్కడే నిలబడి ఏడుపు మొహం పెట్టాను.

"ఏడుస్తావేమే? మనది అదిగో," అంది నాయనమ్మ, స్టూలు మీంచి కదలకుండానే. వరస మధ్యలో ఒక్క డబ్బాకి పసుపు మాడి గోధుమరంగులోకి తిరిగింది, దాని మీద బొట్టు నల్లబడినా గుండ్రంగా అలాగే ఉంది. నేనా డబ్బాని కావలించుకోబోయి చెయ్యి కాల్చుకున్నాను.

మిగతావాళ్లు తలో అంచూ తుంచి రుచి చూసుకుంటూ ఎవరిది వాళ్లు తేల్చుకున్నారు. అరుపులు కాస్తా నవ్వులయ్యాయి. బోయిన్‌పల్లి ఆంటీకి ఇంకా కాల్చాల్సిన డబ్బాలున్నాయి. ఆవిడ నాయనమ్మ దగ్గరికొచ్చి, "వందనాలు పెద్దమ్మగారూ, మా వాటికీ ఏదైనా గుర్తు పెట్టరూ? మేం బొట్టు పెట్టుకోం గానీ, ఆ పసుపుతో సిలువ గీయండి," అంది. నాయనమ్మ శ్రద్ధగా, గీత వంకర పోకుండా, అన్ని డబ్బాలకీ సిలువలు గీసింది. "దేవునికి స్తోత్రం," అంది ఆంటీ. "ఆఁ, ఆయనకీ చెప్పండి మా పిల్ల సంగతి," అంది నాయనమ్మ.

కాలేజీకి నాతో పాటు ఆవిడ కూడా వచ్చింది. రావద్దంటే వింటేనా? మేడమ్ డబ్బా చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "ఇదేమిటి?"

"పొయ్యెక్కే గిన్నెకి బొట్టు పెట్టకుండా ఎక్కిస్తామా అమ్మా?" అంది నాయనమ్మ. మేడమ్ నవ్వాపుకోలేక కళ్లజోడు తీసి తుడుచుకుంది. కేకు కోసి, ముక్క నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలింది. మార్కులేస్తున్న పెన్ను వైపు నాయనమ్మ మెడ చాచి చూసి, "పాసేనా?" అని హాలంతా వినపడేలా అడిగింది.

"పాసేనండీ!" అంది మేడమ్. నేను నాయనమ్మని పట్టుకుని గిరగిరా తిప్పేశాను. "వదలవే, మైలపడ్డదానా!" అని అరుస్తూనే ఉంది, నవ్వుతూనే ఉంది.

ఆ సాయంత్రం ఇద్దరం తలస్నానాలు చేశాం. జుట్టు ఆరబెట్టుకుంటూ, "ఇంతకీ రుచి ఎలా ఉందే?" అని గుసగుసగా అడిగింది. తీపి ఎంతో, వెన్న వాసన ఎలా వచ్చిందో అన్నీ చెప్పాను. తాను తిన్నంత తృప్తిగా తలూపింది.

ఆ వేసవిలో అందరితో పాటే నా డిగ్రీ అయింది. పట్టా చేతికొచ్చిన రోజు దాన్ని బల్లమీద పెట్టి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి దానికి నాలుగు మూలలా పసుపు, నా పేరు పక్కన ఎర్రగా ఇంత బొట్టు.

"నాయనమ్మా! అది ఒరిజినల్!" అని లబోదిబోమన్నాను.

"ఒరిజినల్ కాబట్టే పెట్టాను," అందావిడ, వేళ్లకంటిన కుంకుమ కొంగుకి తుడుచుకుంటూ. "రేపెవరైనా మాదని పట్టుకుపోతే?"