తోడి గాంధారంలో లేని తప్పు

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పబోవడం లేదు. అలా అయితేనే నా నోరు పెగిలేట్టుంది. ఎనిమిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. చూడబోతే అది రెండు మూడు మాటలు. ఎవరి ఇల్లూ కూలలేదు, ఎవరి ప్రాణమూ పోలేదు. అయినా పాఠానికి కూర్చుని శ్రుతి వేసిన ప్రతిసారీ అదే గుర్తుకొస్తుంది. "మీ దగ్గర నేర్చుకున్నవాళ్ళలో బాగా పాడేదెవరండీ?" అని ఎవరైనా మాటవరసకు అడిగినా మాట మార్చేస్తాను. జవాబు నాకు తెలుసు కాబట్టి. తెలిసి కూడా ఆ పేరు చెప్పలేను కాబట్టి.

ఆ పేరు డెనీస్.

నేను హెర్న్‌డన్‌లో ఉంటాను. మా ఇంటి బేస్‌మెంట్‌లో కర్ణాటక సంగీతం నేర్పుతాను. వచ్చేవాళ్ళంతా దాదాపు మన ఐటీ వాళ్ళ పిల్లలే. స్విమ్మింగ్‌కీ మాథ్ క్లాస్‌కీ మధ్య వస్తారు, వర్ణం పాడుతూ ఫోన్ వైపు చూస్తుంటారు. డెనీస్ అలా వచ్చింది కాదు. ఆమె నల్లజాతి అమ్మాయి. అప్పటికి ముప్పై నిండలేదు. దగ్గర్లోని ఒక స్కూల్లో పిల్లలకు బృందగానం నేర్పేది. ఆమె క్లాసులో ఉన్న నా శిష్యురాలొకతె ఒకరోజు ఏదో కూనిరాగం తీస్తుంటే విని, ఇదెక్కడిదని అడిగి, అడ్రస్ కనుక్కుని, ఒక శనివారం పొద్దున మా గుమ్మం ముందు నిలబడింది. "నమస్కారం టీచర్" అంది. ఆ ఒక్క మాటా దారిలో ఎన్నిసార్లు అనుకుంటూ వచ్చిందో, ఒత్తు కూడా తప్పలేదు.

ఐదేళ్ళు నేర్చుకుంది. మాయామాళవగౌళ సరళి వరసల దగ్గర మొదలుపెట్టి, చిన్న పిల్లల పక్కన చాప మీద కూర్చుని, వాళ్ళతో పాటే తాళం వేసింది. మా పిల్లలు ఎన్నడూ అడగని ప్రశ్నలు అడిగేది. ఈ మాటకు అర్థమేమిటి, ఇక్కడ ఎవరితో మాట్లాడుతున్నాడు, కోపమా వేడుకోలా? నేను పుట్టిన భాషలో ఉన్న సాహిత్యానికి అర్థం చెప్పడానికి నేనే పుస్తకాలు తిరగేయాల్సి వచ్చేది. నాకు సిగ్గుగానూ ఉండేది, సంతోషంగానూ ఉండేది. ఆమె గొంతు లోతైనది. కింది స్థాయిలో గది నిండిపోయేది. తోడి రాగం మొదలుపెట్టాక అందులోని గాంధారం ఆమెకు పట్టుబడిన రోజు నేను పాఠం ఆపేసి ఊరికే కూర్చుండిపోయాను. ఆ స్వరం ఊగాలి, కానీ తూలకూడదు. నాకది రావడానికి ఎంత కాలం పట్టిందో నాకు తెలుసు. నా కూతురు మేఘనకు ఇప్పటికీ సరిగ్గా రాదు.

ఒకరోజు పాఠం అయ్యాక టీ తాగుతూ తన సంగతి చెప్పింది. కాలేజీలో పాశ్చాత్య శాస్త్రీయ గానం చదువుకుందట. ఒపేరా పాడాలని ఆశ. అక్కడి ప్రొఫెసర్ ఒకాయన, మంచివాడేనట, ఎంతో సౌమ్యంగా, "నీ గొంతుకు ఈ పాత్రలు నప్పవమ్మా. మీవాళ్ళ భక్తి పాటలు పాడు, నిన్ను మించినవాళ్ళుండరు" అన్నాడట. ఆ తర్వాత ఆమె ఒపేరా జోలికి పోలేదు.

నేను మండిపడ్డాను. సంగీతానికి రంగేమిటన్నాను. మా దగ్గర అలాంటివి ఉండవన్నాను. నిజంగానే ఆవేశంతో అన్నాను. చిన్నప్పుడు నన్ను 'కర్రిపిల్ల' అని పిలిచిన మేనత్త మీద ఇంకా కోపం తీరనిదాన్ని, ఆ నొప్పి నాకు తెలియదా అనుకున్నాను. డెనీస్ నా చెయ్యి పట్టుకుని థాంక్యూ అంది. ఆ స్పర్శ తలుచుకుంటే ఇప్పుడు నా చెయ్యి నాకే పరాయిదనిపిస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. రాకుండా చుట్టూ తిరుగుతున్నానని మీరు గమనించే ఉంటారు.

ఏటా వసంతంలో మా ప్రాంతపు తెలుగువాళ్ళం కలిసి సంగీతోత్సవం చేసుకుంటాం. హైస్కూల్ ఆడిటోరియం అద్దెకు తీసుకుంటాం. ఒక్కో టీచర్‌కు ఒక విడి పాటకు అవకాశం ఉంటుంది, తన శిష్యుల్లో ఒకరి చేత పాడించుకోవచ్చు. ఆ ఏడు డెనీస్ తోడిలో పాడుతుందని మనసులో అనుకున్నాను. ఆమెకు చెప్పాను కూడా. చీర కొనుక్కుంది. కట్టుకోవడం నేర్పమని మేఘనను అడిగింది. ఇద్దరూ పైన గదిలో పిన్నీసులతో కుస్తీ పడుతూ నవ్వుకోవడం నాకు కింద వంటింట్లోకి వినిపించేది.

ఉత్సవం ఇంకా నెల ఉందనగా ఒక శనివారం సుధ గారు వాళ్ళబ్బాయిని దింపడానికి వచ్చారు. ఆవిడ ఉత్సవ కమిటీలో ముఖ్యులు. అప్పుడే డెనీస్ పాఠం ముగించుకుని బయటికి వెళుతోంది. ఆవిడ డెనీస్ వైపు చూసి, నా వైపు తిరిగి, "ఈవిడ కూడా స్టేజి ఎక్కుతారా అండీ?" అన్నారు.

అంతే. అంతకు మించి ఒక్క మాట లేదు.

నేను ఆ క్షణంలో ఏం చేశాను? ఆడిటోరియం అంతా నా కళ్ళ ముందుకొచ్చింది. ముందు వరసల్లో పట్టుచీరలు, ఎత్తిన ఫోన్లు, ఒకరి చెవిలో ఒకరు గుసగుసలు, 'ఆ నల్లమ్మాయి టీచర్' అని నాకు పడబోయే పేరు, చెన్నై నుంచి రాబోతున్న పెద్ద విద్వాంసుడి పెదవి మీద చిన్న నవ్వు, వీటిలో ఏ ఒక్కటీ జరగకుండానే అన్నీ జరిగిపోయినట్టు నేను భయపడిపోయి, ఎవరూ అడగని సంజాయిషీ ఒకటి ఇచ్చేశాను.

"లేదండీ, ఇంకా శ్రుతి నిలవట్లేదు. ఈసారి మా మేఘన పాడుతుంది."

సుధ గారు "ఓహో" అని వెళ్ళిపోయారు. ఆ మాట నా నోటి నుంచి వచ్చేసింది. ఇక దాన్ని నిజం చేయాలి.

తరువాతి శనివారం డెనీస్‌కు చెప్పాను. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే, కానీ ఎనిమిదేళ్ళుగా అది నాకు తెలుగులోనే వినిపిస్తోంది. అలాగే రాస్తాను.

"ఈ ఏడు వద్దులే డెనీస్. తోడిలో గాంధారం సరిగ్గా నిలవడం లేదు" అన్నాను.

ఆమె కంగారుపడింది. "ఎక్కడ టీచర్? పోయినవారం బాగుందన్నారుగా. ఎక్కడో చూపించండి, దిద్దుకుంటాను."

చూపించాను. ఎలా చూపించానో నాకే తెలియదు. పాటలో ఒక సంగతి పాడించి, చక్కగా పలికిన చోట వేలెత్తి, "అదిగో, అక్కడ" అన్నాను. మళ్ళీ పాడింది. మళ్ళీ "ఉహూఁ" అన్నాను. ఫోన్‌లో రికార్డ్ చేసుకుంది. కళ్ళు మూసుకుని మళ్ళీ పాడింది. నేను తల అడ్డంగా ఊపాను.

చివరికి, ఈ మాట రాయకుండా దాటేద్దామనుకున్నాను, కానీ దాటేస్తే ఇదంతా ఎందుకు రాస్తున్నట్టు, చివరికి ఆమె ముఖం చూడలేక, మెత్తగా, దయగా, "నీ గొంతు తీరే వేరు డెనీస్. మీ సంగీతానికైతే ఎంత బాగుంటుందో" అన్నాను.

ఆమె ఫోన్‌లో రికార్డింగ్ ఆపింది. తర్వాత అడిగింది: "నా సంగీతం ఏది టీచర్?"

టీ పెడతానని లేచాను.

ఆమె అప్పటికీ మానేయలేదు. అదే నన్ను ఎక్కువగా బాధించేది. కోపగించుకుని అటునుంచి అటే వెళ్ళిపోయి ఉంటే ఇంత ఉండేది కాదేమో. ఇంకా కొన్ని వారాలు వచ్చింది. నేను చెప్పిన తప్పును దిద్దుకోవడానికి వచ్చింది! లేని తప్పును వెతుక్కుంటూ ఆ గాంధారాన్ని ఒకసారి కాస్త పైకి, ఒకసారి కాస్త కిందికి పట్టుకుని చూసేది. చూస్తూ చూస్తూ ఉండగానే అది చెడిపోయింది. నా కళ్ళ ముందు, నా చెవుల ముందు. ఒకరోజు నిజంగానే శ్రుతి తప్పింది. నేను కూర్చుని విన్నాను. అప్పుడైనా "నేను అబద్ధం చెప్పాను, నీది మొదటి నుంచీ సరిగ్గానే ఉంది" అని ఉండొచ్చు. గొంతు దాకా వచ్చింది. ఇప్పుడు చెబితే నన్నేమనుకుంటుందోనని మింగేశాను. ఆమె చెవి మీద ఆమెకే నమ్మకం పోతోందని తెలిసి కూడా, నా పరువు గురించే ఆలోచించాను.

తర్వాత రావడం మానేసింది. ఉత్సవంలో మేఘన పాడింది. చప్పట్లు కొట్టారు.

నేను జాతి చూసి మనుషుల్ని తీసేసేదాన్నా? ఈ ప్రశ్న రాయడానికే చేయి వెనక్కి లాగుతోంది. కూతురి కోసం చేశానని చెప్పుకోగలిగితే కొంత నయం. తల్లి స్వార్థమని లోకం అర్థం చేసుకుంటుంది. కానీ మేఘన పేరు ఆ క్షణంలో నోటికి దొరికిన పేరు, అంతే. మరి ఎందుకు చేశాను? నాకు డెనీస్ అంటే ఇష్టం. ఆ ఇష్టం నిజమే. ఆ ఇష్టం వంటింటి దాకా, బేస్‌మెంట్ దాకా. నలుగురి ముందుకు వచ్చేసరికి అది చాల్లేదు.

పోయిన ఏడాది చివర్లో మా దగ్గరి లైబ్రరీలో ఒక చర్చ పెట్టారు. శాస్త్రీయ సంగీతంలో జాతి వివక్ష గురించి. ఎవరి సంగీతాన్ని గొప్పదన్నారు, ఎవరి పేర్లు చరిత్రలోంచి జారిపోయాయి, ఆర్కెస్ట్రాలోకి తీసుకునేటప్పుడు మధ్యలో తెర కట్టి వింటే న్యాయం జరుగుతుందా, ఇలాంటివి. భారతీయ సంగీతం తరఫున నన్ను పిలిచారు. వెళ్ళాను. ఒక సింఫనీ కచేరీకి చీరలో వెళితే గేటు దగ్గర మనిషి "మీరు సరైన హాలుకే వచ్చారా?" అని అడిగిన సంగతి చెప్పాను. అది జరిగిందే. అందరూ నొచ్చుకున్నారు, చప్పట్లు కొట్టారు. మన సంగీతంలో కూడా కొన్ని కులాల ఇళ్ళలో తరతరాలుగా పాడిన ఆడవాళ్ళను కచేరీ వేదిక మీద నుంచి ఎలా పక్కకు జరిపారో నాకు తెలుసు. అది మాత్రం చెప్పలేదు.

వెనక వరసలో ఒక నల్లజాతి పెద్దావిడ లేచి, మీ దగ్గర మావాళ్ళెవరైనా నేర్చుకున్నారా అని అడిగారు. "నేర్చుకున్నారండీ, ఒకమ్మాయి. అద్భుతంగా పాడేది" అన్నాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఇప్పుడు ఎక్కడ పాడుతోందని అడిగారు. వేరే ఊరు వెళ్ళిపోయిందన్నాను. నాకు తెలియదు. వెతకనే లేదు. డెనీస్‌ను స్టేజి ఎక్కనివ్వని నేను, ఆమెను చూపించి స్టేజి మీద పేరు తెచ్చుకున్నాను.

ఇంటికి వచ్చేటప్పుడు మేఘన కార్ డ్రైవ్ చేస్తోంది. సెలవులకు కాలేజీ నుంచి వచ్చింది. ఆ ఉత్సవం నాటికి దానికి పదమూడేళ్ళు. డెనీస్ బదులు తనెందుకు పాడాలని ఏడిస్తే, కమిటీ వాళ్ళు ఒప్పుకోలేదని చెప్పాను. ఆనాటి నుంచి సుధ గారితో అది సరిగ్గా మాట్లాడదు. ఆవిడ పలకరిస్తే తల తిప్పుకుంటుంది. నేను చూస్తూ ఊరుకున్నాను.

"అమ్మా, యూ వర్ సో గుడ్. కానీ కమిటీ వాళ్ళ గురించి ఎందుకు చెప్పలే? వాళ్ళని ఎందుకు ప్రొటెక్ట్ చేస్తావ్?" అంది.

నేను కార్‌లో హీటర్ తగ్గించాను.

"కమిటీ వాళ్ళు వద్దనలేదు మేఘనా. ఎవరూ వద్దనలేదు. నేనే."

"వాట్ డూ యూ మీన్, నువ్వే?"

చెప్పాను. సుధ గారి ప్రశ్న, నా జవాబు, గాంధారం, అన్నీ. మేఘన రోడ్డు పక్క దుకాణాల ముందున్న పార్కింగ్‌లోకి తిప్పి కార్ ఆపింది. ముందుకు చూస్తూనే, "డెనీస్ ఆంటీకి తెలుసా?" అంది.

"తెలియదు."

ఇంటికి తీసుకొచ్చింది. రెండు రోజులు ముందుగానే కాలేజీకి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఫోన్ చేస్తే ఎత్తుతుంది, తిన్నావా అంటే తిన్నానంటుంది. అంతవరకే.

డెనీస్ పాత నంబర్ నా ఫోన్‌లో ఉంది. అది ఇంకా ఆమెదో కాదో తెలియదు. చేస్తే ఆమెకు మేలా, నాకు మేలా? ఎనిమిదేళ్ళ తర్వాత వెళ్ళి, నీకేమీ లోపం లేదు, కావాలనే చెడగొట్టానని చెప్పడం న్యాయమా, ఇంకో దెబ్బా? చెప్పకపోతే తన చెవే తనను మోసం చేసిందని జీవితాంతం అనుకుంటూ ఉంటుంది. రోజూ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. ధైర్యం చాలక ఇలా ప్రశ్నలు వేసుకుంటున్నానని కూడా నాకు తెలుసు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. కానీ ఇన్నేళ్ళలో మొదటిసారి ఈ మాటలు కాగితం మీద నాకు ఎదురుగా ఉన్నాయి, ఊపిరి కొంచెం లోపలి దాకా వెళుతోంది. నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఎవరూ నోరు తెరిచి వద్దనలేదు. ఆ అమ్మాయి సరిగ్గా పాడింది. తప్పని చెప్పింది నేను.