ఎడంచేతి పళ్లెం

ఈ ఉదయం తెనాలిలో మా పెరటి పంపు దగ్గర పీట వేసుకుని ఇత్తడి పళ్లాన్ని చింతపండు పిప్పితో తోముతుంటే, ఆ పులుపు వాసన ముక్కుకి తగలగానే మా పెదతాత మీద కోపం నిన్నటిదానిలా లేచి కూర్చుంది. ఆయన పోయి యాభై ఏళ్లు దాటింది. పోయినవాళ్ల మీద పగేంటండి అంటుంది మా ఆవిడ. ఉన్నవాళ్లయితే ఎదురు చెప్తారు. ఈ వయసులో నాకు పోయినవాళ్ల మీద పగే సుఖంగా ఉంది.

పళ్లెం మా నాయనమ్మ రత్తమ్మది. నందివెలుగులో పుట్టి రేపల్లెలో మెట్టినప్పుడు వెంట తెచ్చుకుంది. తెల్లారకముందే తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, రాముడి పటం ముందు కుడిచేత్తో దీపం వెలిగించి, కుడిచేత్తో హారతిచ్చి, మా దోసిళ్లలో కుడిచేత్తో తీర్థం పోసి, ఆ పైన వీధి అరుగు మీదకొచ్చి పిల్లల ముందు కూర్చుని బలపాన్ని మాత్రం ఎడంచేత్తో పట్టుకునేది. ఆవిడది పుట్టుకతో వచ్చిన పుర్రచేతివాటం. ఎవరైనా అడిగితే, "ఏ చేతికి ఏ పని ఇచ్చాడో ఇచ్చినవాడికి తెలీదంటావా?" అనేది.

వానాకాలమంతా ఆ అరుగు మీద పలకలకి పట్టించిన దొండాకు పసరు వాసన, పిల్లల తడి బట్టల వాసన, లోపలి నుంచి వచ్చే పప్పు తిరగమోత వాసన కలిసిపోయి, ఇప్పటికీ నాకు చదువంటే ఆ వాసనే. పాఠం అప్పజెప్పినవాడికి వేయించిన శనగలు పెట్టేది. అప్పజెప్పనివాడికీ అవే శనగలు, కాకపోతే పొట్టు వలవకుండా. అడవులదీవి నుంచి కూడా పిల్లలు పడవలెక్కి ఆవిడ దగ్గరకి వచ్చేవాళ్లు. ఎక్కడిదిలెండి, మా సందు పిల్లలూ, పక్క సందు నుంచి ఇద్దరూ. కానీ ఆ అరుగు అప్పుడు నాకు పడవల రేవంత పెద్దగా కనిపించేది.

దసరా వస్తే మేమంతా రంగుకాగితాలు చుట్టిన విల్లంబులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పప్పుబెల్లాలు దండుకునేవాళ్లం. విజయదశమి పొద్దున రామాలయం మండపంలో, కొత్తగా బళ్లో వేసే పిల్లలకి నాయనమ్మ అక్షరాభ్యాసం చేయించేది. ఈ పళ్లెంలోనే పసుపు కలిపిన బియ్యం పోసి, బిడ్డని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆ బిడ్డ కుడిచేతిని తన ఎడంచేత్తో పట్టుకుని దిద్దించేది. ఏళ్ల తరబడి ఎవరూ ఏమీ అనలేదు. ఒక ఏడు దసరా ముందు పెదతాత గుడికి ధర్మకర్త అయ్యాడు. మా తాతకి అన్న ఆయన; ఆయన వీధిలో దగ్గితే మా తాత ఇంట్లో లేచి నిలబడేవాడు.

"ఏమ్మాయ్, ఆ చెయ్యి ఉన్నది దేనికి, నువ్వు చేస్తున్నదేంటి?" అన్నాడు పెదతాత, మండపం నిండా జనం ఉండగా. "ఆ చేత్తో సరస్వతినా?"

అని పళ్లాన్ని ఒక్క లాగు లాగాడు. బియ్యం రాళ్ల మీద చెల్లాచెదురైంది. ఖాళీ పళ్లాన్ని చంకలో పెట్టుకుని ఆయన ఇంటికి పోయాడు. మా తాత స్తంభం వంక చూస్తూ నిలబడ్డాడు. నాయనమ్మ ఒంగి, గింజ గింజా కుడిచేత్తో ఏరి కొంగులో పోసుకుని, ఇంటికొచ్చి ఆ బియ్యంతో పరమాన్నం వండింది. "అక్షరం దిద్దిన బియ్యంరా, తినండి. బుర్రకెక్కకపోయినా పొట్టలోనైనా ఉంటది" అంది. నేను ఏడుస్తూ తిన్నానని రాద్దామనుకున్నాను. గిన్నె అడుగు గీకి మరీ తిన్నాను. పగకీ ఆకలికీ మా ఇంట్లో చుట్టరికం లేదు.

పగ మాత్రం పట్టాను. నిజాంపట్నం నుంచి బతికున్న ఎండ్రకాయను తెప్పించి పెదతాత చెప్పులో పెట్టాను. ఇది నేను మా మనవలకి చెప్పే కథ. జరిగింది వేరు: ఆయన మా ఇంటికి వచ్చినప్పుడల్లా కుడిచెప్పు ఎడమవైపుకీ, ఎడమచెప్పు కుడివైపుకీ మార్చిపెట్టేవాణ్ణి. ఆయన చూసుకోకుండా కాళ్లు దూర్చి, రెండడుగులు తడబడి, ఎడమచెప్పుని తిట్టుకుంటూ పోయేవాడు. అంతటితో నా ప్రతాపం సరి.

నాయనమ్మ మళ్లీ ఆ మండపం ఎక్కలేదు. అరుగు మీద చదువు మాత్రం ఆపలేదు.

రెండేళ్లకి దేవుడు నా పక్షాన దిగాడు. పెదతాత మనవడు సుబ్బులుకి పుర్రచేతివాటం తేలింది. వాడి ఎడంచేతిని ఆయన తువ్వాలుతో నడుముకి కట్టేసి, కుడిచేతికి బలపం ఇచ్చి రోజూ కూర్చోబెట్టాడు. వాడు మొదట రాయటం మానేశాడు, తర్వాత మాట్లాడటం మానేశాడు. ఐదేళ్ల పిల్లాడు ఉలకడు, పలకడు. బాపట్ల డాక్టరు కూడా పెదవి విరిచాక, ఒక వానరోజు సాయంత్రం పెదతాత వాణ్ణి చంకనేసుకుని మా అరుగు దగ్గరకొచ్చాడు.

"అమ్మాయ్, వీడికి నాలుగు ముక్కలు నేర్పు" అన్నాడు, నేల చూస్తూ.

మండపం గొడవ తర్వాత నాయనమ్మ బావగారి ఎదట పడేది కాదు. తలుపు వెనక నుంచే అంది. "నా పళ్లెం మీ ఇంట్లో ఉందండి బావగారూ."

ఆయన వానలో వెనక్కి వెళ్లి పళ్లెం తెచ్చాడు. నేను మెట్టు మీద కూర్చుని, ఇప్పుడు కాళ్లు పట్టుకోమంటుంది, మండపంలోనే పట్టుకోమంటుంది అని గుటకలు మింగుతున్నాను. నాయనమ్మ పళ్లెంలో బియ్యం పోయించి, "మీరే ఒళ్లో పెట్టుకుని కదలకుండా పట్టుకోండి" అంది. సుబ్బులు నడుముకున్న తువ్వాలు నాచేత విప్పించింది. వాడు ఎడంచేతి వేలితో బియ్యంలో గీశాడు. పెదతాత కన్నీళ్లు బియ్యంలో టపటపా రాలాయి. రాలలేదండి, ఆయన జుట్టు నుంచి కారిన వాన నీళ్లు. క్షమించమని ఒక్క మాటా అనలేదు. నాయనమ్మ అడగనూ లేదు. మూడో వారానికి సుబ్బులు నోరు విప్పి శనగలడిగాడు. ఆవిడకి అంతే చాలింది, నాకు చాలలేదు. ఆవిడ పట్టని పగ వారసత్వంగా నాకొచ్చింది, పళ్లెంతో పాటు.

ఆ సుబ్బులు ఇప్పుడు బాపట్లలో రిటైరైన మాస్టారు. మనవరాలి అక్షరాభ్యాసానికి ఆ పళ్లెమే కావాలన్నాడు ఫోనులో. అలాగేలేరా అన్నాను, పెదతాత వంశానికి ఏం చెయ్యాలో అప్పుడే తోచి. మా వైపు ఎడంచేత్తో ఏదైనా ఇస్తే మొహం మీద కొట్టినట్టే. తళతళలాడేలా తోమింది అందుకే.

పదకొండు గంటలకి వచ్చాడు, కాఫీ తాగాడు. రేపల్లె ఇల్లు అమ్మేశాక అరుగు కొట్టేసి కొట్లు కట్టారని, మండపానికి నున్నటి గచ్చు పరిచారని, బలపం అంటే ఏంటని మనవరాలు అడిగిందని చెప్పాడు. నేను లేచి, కుడిచేతిని వెనక్కి పెట్టుకుని, పళ్లాన్ని ఎడంచేత్తో చాచి వాడి మొహంలోకి చూశాను.

వాడు ఎడంచెయ్యి చాపి అందుకున్నాడు.

"చిన్న నాయనమ్మ బలపం ఇట్టాగే అందించేది అన్నయ్యా. మళ్లీ నాకెవరూ ఇట్టా ఇవ్వలేదు" అన్నాడు.

స్టేషను దాకా వెళ్లి రైలెక్కించి వచ్చాను. ఇంటికొచ్చాక, పళ్లెం ఎప్పుడు తిరిగిస్తాడో అడగలేదని గుర్తొచ్చింది. ఇవ్వకపోతే బాగుండునని ఉంది. మళ్లీ ఏదో ఒక పగ ఉంటుంది.